జాగ్రత్త: బెజవాడలో ‘ఒరిజినల్ 4కె’ పేరుతో ‘డ్రాగన్‌స్లేయర్’ నకిలీ డిస్కు

బెజవాడ, గుంటూరుల్లో సినిమా డిస్కులు కొని దాచుకునే వాళ్లంతా ఒకసారి చదవండి. గవర్నరుపేటలో మేడ మీద గదిలో ఒకాయన ‘డ్రాగన్‌స్లేయర్’ అనే ఇంగ్లీషు సినిమా 4కె డిస్కు (మామూలు బ్లూరే కన్నా స్పష్టమైన బొమ్మ ఉండేది) అమ్ముతున్నాడు. అమెరికా సరుకు, సీలు కూడా విప్పలేదు అంటూ నా దగ్గర 2,800 తీసుకున్నాడు. బిల్లు అడిగితే ‘ఇలాంటి వాటికి బిల్లేంటి సార్’ అని నవ్వేశాడు.

డబ్బాకు వంక పెట్టలేం. నల్ల కేసు, మెరిసే కవరు, బిగుతుగా ప్లాస్టిక్ సీలు. పైన పటారం, లోన లొటారం. డిస్కు తిప్పి ట్యూబులైటు కింద పట్టుకుంటే అడుగున రెండు రంగులు: మధ్య నుంచి కొంత దూరం ఒక ఛాయ, అక్కడి నుంచి గీత గీసినట్టు ఇంకో ఛాయ. అంటే కంప్యూటర్లో రాసిన డిస్కు: రాసిన మేర ఒక రంగు, ఖాళీ మేర ఇంకోటి. పై బొమ్మను తడి వేలితో రుద్దితే నీలం ఇంకు వేలికి అంటుకుంది. కంప్యూటర్లో పెడితే మొత్తం 22 జీబీ, వీడియో 1920×1080. 4కె అంటే 3840×2160 ఉండాలి కదా!

వేరే సినిమా అయితే ఇంత మండేది కాదేమో. 1981లో మాథ్యూ రాబిన్స్ తీసిన ఈ సినిమా ప్రాణమంతా చీకట్లోనే ఉంది. ‘ఏలియన్’ సినిమాకి పనిచేసిన డెరెక్ వాన్‌లింట్ కెమెరా. వెర్మిథ్రాక్స్ అనే ఆ డ్రాగన్‌ని చాలాసేపు పూర్తిగా చూపించరు. గోరు, తోక, నీడ, అంతే. డ్రాగన్ నమూనాను కదిలిస్తూనే ఒక్కో ఫ్రేము తీసే ‘గో మోషన్’ పద్ధతి వాడారు కాబట్టి దాని నడకలో ఆ బరువు వచ్చింది. గుహలో పొలుసుల డాలు అడ్డం పెట్టుకుని కథానాయకుడు గేలన్ మంటకి ఎదురు నిలబడే ఘట్టం ఈ డిస్కులో చూడండి: నలుపంతా చిన్న చిన్న గళ్లు, మంట చుట్టూ మెట్లు మెట్లుగా పట్టీలు, డ్రాగన్ మెడ ఎక్కడో రాయి ఎక్కడో తెలియదు. పైగా రెండు పక్కలా బొమ్మ కోసేసి టీవీ నిండా సాగదీశారు. అసలుదానిలో పైనా కిందా నల్ల పట్టీలు ఉంటాయి. 2023లో పారామౌంట్ స్టూడియో తెచ్చిన 4కెలో రాబిన్స్, మరో దర్శకుడు గియెర్మో డెల్ టోరో కలిసి సినిమా నడుస్తుండగా చెప్పిన కామెంటరీ ఉంది. ఇందులో ఆ ట్రాకే లేదు.

ఫోన్ చేస్తే ‘రీజియన్ వేరు సార్, అందుకే బొమ్మ అలా వస్తోంది’ అన్నాడు. ఈ మాట నమ్మకండి. 4కె డిస్కులకు రీజియన్ లాకే (ఫలానా దేశాల ప్లేయర్లలోనే ఆడేలా పెట్టే కట్టడి) లేదు. మామూలు బ్లూరేకి ఉంటుంది, కానీ రీజియన్ కలవకపోతే డిస్కు ఆడనే ఆడదు, బొమ్మ గళ్లు పడదు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇంకోటి. ‘డిస్నీ వాళ్లదే, పిల్లలకి బాగుంటుంది’ అని కూడా అంటున్నాడు. పారామౌంట్‌తో కలిసి డిస్నీ తీసిన మాట నిజమే. కానీ చీటీ వేసి ఎంచిన కన్యలను డ్రాగన్‌కి బలి పంపే కథ ఇది. రాకుమారి శవాన్ని డ్రాగన్ పిల్లలు పీక్కుతినే దృశ్యం ఉంది. చిన్న పిల్లల ముందు పెట్టకండి.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. డిస్కు, కవరు, ఫోన్ పేమెంటు స్క్రీన్‌షాట్ దగ్గరే ఉంచుకున్నాను. మీరూ కొని ఉంటే అవి పారేయకండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, గుంటూరు వాళ్లు ఇంత దూరం రానక్కర్లేదు. 5 లక్షల లోపు కొన్న వాటికి ఫీజు కూడా లేదు.

అతని బల్ల మీద ఇలాంటి నల్ల కేసులు ఇంకా వరసగా ఉన్నాయి. వెళ్లేవాళ్లు సీలు అక్కడే విప్పించి, డిస్కు అడుగు చూశాకే డబ్బు తీయండి. విప్పనివ్వకపోతే దిగి వచ్చేయండి.