డార్క్ క్లౌడ్: గుహలో దిగితేనే ఊరు లేస్తుంది

జపాన్‌కు చెందిన లెవెల్-ఫైవ్ సంస్థ తొలి వీడియో ఆట డార్క్ క్లౌడ్. 2000లో ప్లేస్టేషన్ 2 కోసం విడుదలైంది. 2015 డిసెంబరులో ప్లేస్టేషన్ 4కు కూడా వచ్చింది కాబట్టి పాత యంత్రం కోసం వెతకనక్కరలేదు. సాహసయాత్రనూ ఊరి నిర్మాణాన్నీ కలిపిన ఆటలు ఆ తర్వాత ఎన్నో వచ్చినా, ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పే పేరు ఇదే.

ఒక దుష్టశక్తి దాడిలో నోరూన్ అనే పల్లె తుడిచిపెట్టుకుపోతుంది. అయితే ఇళ్లు, చెట్లు, మనుషులు నాశనం కాకుండా ఫెయిరీల రాజు వాటిని ఆట్లాలనే గోళాల్లో భద్రపరుస్తాడు. అవి పక్కనున్న గుహ నిండా చెల్లాచెదురుగా పడి ఉంటాయి. టోవాన్ అనే కుర్రాడు రాక్షసులతో పోరాడుతూ, అంతస్తు తర్వాత అంతస్తు దిగుతూ వాటిని ఏరి తేవాలి. తెచ్చిన ఇంటిని ఖాళీ నేలమీద మనకు నచ్చిన చోట, నచ్చిన దిక్కుకు తిప్పి నిలబెట్టవచ్చు.

ఇల్లు దొరికినంత మాత్రాన పని అయిపోదు. అందులో ఉండవలసిన మనిషి వేరే గోళంలో ఉంటాడు. ఆ ఇంటి సామాను మరో గోళంలో ఉంటుంది. అన్నీ చేరాక ఆ మనిషి తన కోరిక చెబుతాడు: ఇల్లు ఎక్కడుండాలి, దగ్గర్లో ఎవరుండాలి అని. ఈ కోరికలన్నీ తీర్చి ఊరిని నూరు శాతం పూర్తిచేస్తే బహుమానం ఉంటుంది. మా ఇంట్లో గుహల పని నాది, ఊరి పని మా అమ్మాయిది. నేను తెచ్చిన ఇంటిని ఎక్కడ పెట్టాలో తను కాగితంమీద గీసుకుని మరీ నిర్ణయిస్తుంది. "నాన్నా, ఇంకో చెట్టు తీసుకురా, ఈ ఇంటి ముందు బోసిగా ఉంది" అంటే మళ్లీ దిగాల్సిందే. బంగారం కోసమో అనుభవ పాయింట్ల కోసమో కాకుండా ఒకరి వాకిట్లో చెట్టు కోసం కత్తి పట్టించే ఆట నాకు ఇంకొకటి తారసపడలేదు. కట్టిన ఊళ్లో మనం నడవవచ్చు, తలుపు తీసి లోపలికి వెళ్లవచ్చు, పలకరించవచ్చు. దుకాణం కూడా గుహలోంచి తెచ్చి నిలబెడితేనే ఉంటుంది.

గుహలు మాత్రం ఓపికను పరీక్షిస్తాయి. అంతస్తుల అమరిక మారుతూ ఉన్నా గదులు ఒకేలా అనిపిస్తాయి. టోవాన్‌కు దాహం వేస్తుంది, నీళ్లు మోసుకెళ్లాలి. అన్నిటికన్నా కఠినమైనది ఆయుధాల నియమం. ఈ ఆటలో ఎదిగేది మనిషి కాదు, ఆయుధం. వాడేకొద్దీ అది అరుగుతుంది. మరమ్మతు పొడి వేయకుండా పూర్తిగా అరగనిస్తే, ఎంతో శ్రమపడి పెంచిన కత్తి శాశ్వతంగా పోతుంది. ఇది అన్యాయమని నా అభిప్రాయం. పిల్లలకు ఆట ఇచ్చే ముందే ఈ సంగతి చెప్పండి, సంచిలో పొడి ఎప్పుడూ ఉంచుకోమనండి.

నోరూన్ తర్వాత అడవిలోని మటాటాకి, ఆపైన రేవు పట్టణం క్వీన్స్ వస్తాయి. మటాటాకిలో నదిని కూడా ముక్క ముక్కగా మనమే పరుస్తాం. మా అమ్మాయికి అన్నిటికన్నా నచ్చిన ఊరు అదే.

పోరాటం ఇంకా హాయిగా ఉండాలనుకుంటే 2002లో వచ్చిన రెండో భాగంతో మొదలుపెట్టవచ్చు. అందులో మనం ఇప్పుడు కట్టినదాన్ని బట్టి ఆ చోటి భవిష్యత్తు మారుతుంది. మొదటి భాగంతో ఆరంభించేవారు మాత్రం గుహలో తొందరపడకండి. ప్రతి అంతస్తులోనూ ఆట్లాలన్నీ ఏరుకున్నాకే కిందికి దిగండి.