డ్యూయీనా, కోలనా? తెలుగు పుస్తకాలకు ఏ కాల్ నంబరు మేలు?

ఊళ్ళో చిన్న లైబ్రరీ పెడుతున్నవాళ్ళు, అపార్టుమెంటులో రెండు బీరువాలు నింపినవాళ్ళు, గ్రంథాలయ శాస్త్రం చదివే పిల్లలు అడిగేది ఒకటే: డ్యూయీ పెట్టమంటారా, కోలన్ పెట్టమంటారా? రెండూ పుస్తకాల్ని విషయాల వారీగా విడదీసి నంబర్లు వేసే పద్ధతులు. అలా పుస్తకం వెన్ను మీద వేసి, అరలో దాని చోటు చెప్పే నంబరే కాల్ నంబరు. రెండింటికీ వీరాభిమానులున్నారు. నేను మాత్రం ఒక్క సంగతి చూసి తేలుస్తాను. నంబరు చీటీ మీద రాసుకుని వచ్చిన మనిషి ఎవరినీ అడక్కుండా పుస్తకం దగ్గరికి వెళ్ళగలడా, లేదా? ఏది ఎంత శాస్త్రీయం అన్నది పరీక్షలో రాసుకునే జవాబు.

డ్యూయీ 1876 నాటిది. అందులో మన సాహిత్యానికి దక్కిన చోటు చూస్తే ఒళ్ళు మండుతుంది. అమెరికన్ సాహిత్యానికి 810, ఇంగ్లీషుకు 820, జర్మన్‌కు 830. వెయ్యేళ్ళ తెలుగు మాత్రం ఇతర భాషలన్నిటినీ కుక్కిన 890లో ఓ మూల, 894.827 దగ్గర. ఇంగ్లీషు నవలకు 823 అని మూడంకెలు చాలు. తెలుగు నవలకు 894.8273 అని ఏడంకెలు కావాలి. సన్నటి కవితా సంపుటి వెన్ను మీద అది పట్టదు, చీటీని మడిచి అట్ట మీదికి అంటించాలి. మతం దగ్గరా ఇదే వరస: 220 నుంచి 280 దాకా క్రైస్తవానికి, హిందూ మతానికి 294.5.

కోపం న్యాయమైనదే. కానీ అర ముందు నిలబడ్డవాడికి దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. అన్నీ అంకెలే, ఒకే చుక్క. తమిళం 894.811, కన్నడం 894.814, తెలుగు 894.827. కొత్తవాళ్ళు తడబడేది ఒక్కచోటే: 294.5923 ముందా, 294.6 ముందా? మొదటిది పొడుగ్గా ఉంది కదా అని చాలామంది దాన్ని వెనక్కి నెడతారు. చుక్క తర్వాత అంకెను అంకెతోనే పోల్చాలి. 5 కంటే 6 పెద్దది, కాబట్టి 294.5923 ముందు, 294.6 తర్వాత. ఈ ఒక్క సూత్రం తెలిస్తే ఎంత పెద్ద లైబ్రరీలోనైనా తిరగొచ్చు.

కోలన్‌ది వేరే దారి. మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా ఉండగా ఎస్.ఆర్. రంగనాథన్ దాన్ని 1933లో తెచ్చారు. పట్టికలో ఉన్న నంబరు ఏరుకోవడం కాదు, విషయాన్ని భాగాలుగా విడదీసి వాటిని గుర్తులతో కలిపి నంబరు కట్టుకోవడం. సాహిత్యానికి ఓ అనే ఇంగ్లీషు అక్షరం, తర్వాత భాష అంకె, కామా, కవిత్వానికి 1, నాటకానికి 2, కథకూ నవలకూ 3, ఆ పైన రచయిత పుట్టిన సంవత్సరం. షేక్‌స్పియర్ నాటకాలకు ఓ111,2జె64. జె అంటే 1500లు, 64 కలిపితే 1564. ఇందులో తెలుగు ఏ మూలకూ పోలేదు. ఇంగ్లీషుకు ఏ హోదానో మనకూ అదే హోదా, భాష అంకె ఒక్కటే మారుతుంది.

ఇక అరలో ఆ పుస్తకాలు నిలబడే తీరు చూడండి. 1800లకు ఎం, 1900లకు ఎన్. గురజాడ ఎం62, శ్రీశ్రీ ఎన్10. కవిత్వం అర వెంట ఎడమ నుంచి కుడికి నడిస్తే సాహిత్య చరిత్ర వరసగా ఎదురవుతుంది. విశ్వనాథ సత్యనారాయణ, జాషువా ఇద్దరూ 1895 సెప్టెంబరులోనే పుట్టారు, ఇద్దరికీ ఎం95. విడదీయడానికి చివర ఇంకొంచెం చేర్చాలి, అది వేరే సంగతి. ఒకరి అభిమాని రెండోవారి పుస్తకం తీయకపోయినా కళ్ళతో చూడక తప్పదు. డ్యూయీ ఈ ముచ్చట తీర్చలేదు.

మరి నేను కోలన్ వైపు ఎందుకు మొగ్గను? రచయిత పుట్టిన సంవత్సరం పాఠకుడికి తెలియక్కర్లేదు, క్యాటలాగులో నంబరు చూసుకుంటే చాలని దాని అభిమానులు అంటారు. నిజమే. చిక్కంతా ఆ నంబరు పట్టుకుని అరల మధ్యకు వెళ్ళాక మొదలవుతుంది. అంకె, పెద్ద అక్షరం, చిన్న అక్షరం, కామా, సెమీకోలన్, కోలన్, చుక్క: వీటిలో ఏది ముందో ఏది వెనకో విడిగా నేర్చుకోవాలి. అదైనా నిలకడగా ఉందా అంటే, విషయం ఏ కాలానిదో చూపే చుక్క తర్వాతి రోజుల్లో కొటేషన్ గుర్తుగా మారింది. పైగా చాలాచోట్ల తిరిగొచ్చిన పుస్తకాల్ని అరల్లో సర్దేది అటెండరు. ఆయన సాయంత్రం హడావిడిలో కామాను చుక్క అనుకుంటే ఆ పుస్తకం మళ్ళీ స్టాకు తనిఖీ దాకా దొరకదు. ఇంకో అవస్థ: కొత్త కవుల పుస్తకాల్లో ఫోన్ నంబరు ఉంటుంది గానీ పుట్టిన సంవత్సరం ఉండదు. ఫోన్ చేసి వయసు కనుక్కుని నంబరు వేసే ఓపిక ఎవరికుంది?

అందుకే నా ఓటు డ్యూయీకి. అయితే తెలుగు అరల దగ్గర డ్యూయీ నంబరు సగం పనే చేస్తుంది. నవలలన్నిటికీ 894.8273 ఒకటే కాబట్టి నాలుగు బీరువాల నవలలుంటే నాలుగింటి మీదా అదే ఉంటుంది. పుస్తకాన్ని పట్టిచ్చేది దాని కింద రాసే, రచయిత పేరులోని మూడక్షరాలు. మనవాళ్ళు సరిగ్గా అక్కడే గందరగోళం చేస్తారు. చలం పుస్తకం చలం కింద పెట్టాలా, గుడిపాటి కిందా, వెంకటచలం కిందా? ఆరుద్రను భాగవతుల కింద పెడితే ఎవరికి దొరుకుతారు? ఒకే లైబ్రరీలో ఒకే రచయిత రెండు మూడు చోట్ల కనిపించడం మామూలే. అట్ట మీద ఏ పేరుతో జనానికి తెలుసో ఆ పేరే తీసుకోండి, ఇంటిపేరుతోనే ప్రసిద్ధులైతే ఇంటిపేరు. ఒక నోటుబుక్కులో ఆ జాబితా రాసి ఉంచండి, రేపు మీ చోట ఇంకొకరు కూర్చున్నా అదే పాటిస్తారు. అక్షరాలు తెలుగులోనే రాయండి. ఇంగ్లీషులో రాస్తే ద, డ ఒకే అక్షరం కిందికి వచ్చి కలిసిపోతాయి.

అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాడే పద్ధతి మన ఊళ్ళకు అక్కర్లేదు. అమెరికాలో చదివే మన పిల్లలకు పనికొస్తుంది, అక్కడి యూనివర్సిటీల్లో తెలుగు సాహిత్యం పీఎల్ 4780 దగ్గర ఉంటుంది. అందులో 4780ని మామూలు సంఖ్యలాగే చదవాలి. ఆ తర్వాత చుక్క పెట్టి వచ్చే అక్షరం పక్క అంకెల్ని మాత్రం దశాంశంగా చదవాలి: వి45 ముందు, వి5 తర్వాత. ఒక రచయిత కవిత్వం, నవలలు అన్నీ ఒకేచోట ఉండడం దాని సుగుణం. డ్యూయీలో విశ్వనాథ కావ్యాలు ఒక బీరువాలో, నవలలు ఇంకో బీరువాలో ఉంటాయి. అన్నట్టు, అక్కడి తెలుగు పుస్తకాలు చాలావరకు 1962 నుంచి పీఎల్ 480 (పబ్లిక్ లా 480 అనే అమెరికా చట్టం) పథకం కింద, మనం అమెరికా గోధుమలకు కట్టిన రూపాయలతో కొన్నవి. ఆ పీఎల్‌కూ ఈ పీఎల్‌కూ ఏ సంబంధమూ లేదు.

చేరిన తేదీ వరసలో పెట్టేస్తే రిజిస్టరు రాసేవాళ్ళకు సుఖం, చదివేవాళ్ళకు కాదు. రంగు స్టిక్కర్లు పిల్లల అరకు చాలు.

డ్యూయీ పెట్టుకునేవాళ్ళు ఒకటి ముందే తేల్చుకోవాలి. తిక్కన భారతం హిందూ మతం కింద 294.5923లోనా, తెలుగు కవిత్వం కింద 894.8271లోనా? పోతన భాగవతం 294.5925లోనా, కవిత్వంలోనా? రెండూ చెల్లుతాయి, రెండు చోట్లా చెరికొన్ని పెట్టడం మాత్రం చెల్లదు. నేనైతే కవిత్వంలో పెడతాను. పారాయణ కోసం వచ్చే పెద్దవాళ్ళు నేరుగా 294.5 అర దగ్గరికే వెళ్తారు కాబట్టి, అక్కడ ఒక అట్టముక్క మీద ‘పోతన భాగవతం: 894.8271 చూడండి’ అని పెద్ద అక్షరాలతో రాసి నిలబెడతాను.