లేక్ వ్యూ అన్న పేరు చూసి డబ్బులు కట్టకండి, గది ఎక్కడుందో ముందు అడగండి

మాది హన్మకొండ. అమ్మకు అరవై ఐదేళ్లు నిండాయని పోయిన నెల ఇంటిల్లిపాదీ ములుగు వైపు బయలుదేరాం. పొద్దున రామప్ప గుడి చూసుకుని, రాత్రికి మన వైపే ఉన్న ఒక పెద్ద థీమ్ రిసార్ట్‌లో ఉండాలని ప్లాన్. పేరు రాయడం లేదు. ఇలాంటి చోట గది బుక్ చేసే ఎవరైనా ఇది చదవాలని రాస్తున్నా.

గేటు దగ్గర కాకతీయ తోరణం, లోపలంతా పాతకాలం ఊరు. పెంకుటిల్లు, భవంతి, మంచె ఇల్లు అని గదులు రకరకాలు. ఫొటోలు చూసి ఏది తీసుకుందామని వారం రోజులు ఇంట్లో మాట్లాడుకున్నాం. చివరికి పిల్లల కోసం పెంకుటిల్లు, అదీ లేక్ వ్యూ, మామూలు గది కంటే 1,500 ఎక్కువ పెట్టి తీసుకున్నాం. అది రిసెప్షన్‌కు ఎంత దూరమో, మెట్లున్నాయో లేవో ఒక్కరం కూడా అడగలేదు. పొరపాటంతా అక్కడే జరిగింది.

మా ఇల్లు గుట్ట మీద, అన్నిటికంటే చివర. బ్యాటరీ బండి కింద రోడ్డు దాకే వస్తుంది, అక్కడి నుంచి రాతి మెట్లు. ఇరవై రెండు, నేనే లెక్కపెట్టా. పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు. రామప్పలో తిరిగి అప్పటికే అమ్మ మోకాళ్లు పట్టేశాయి. ఒక చేత్తో నా భుజం, ఇంకో చేత్తో గోడ పట్టుకుని, రెండేసి మెట్లకు ఒకసారి ఆగుతూ ఎక్కింది. రాత్రి అన్నానికి మళ్లీ దిగాలంటే, "నాకు ఆకలి లేదు బిడ్డా, మీరు పోయి రండి" అంది. పుట్టినరోజు నాడు అమ్మ గదిలో బిస్కెట్లు తిని పడుకుంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

కర్టెన్ తీస్తే ఎదురుగా నల్ల నీళ్ల ట్యాంకు, దాని పక్కన అరచేతి వెడల్పున చెరువు. అడిగితే "చెరువు కనపడుతుంది కదా మేడం, కేటగిరీ అదే" అన్నారు. వెనకాల లాన్‌లో లగ్గం. పన్నెండు దాటేదాకా డీజే, కిటికీ అద్దాలు అదురుతూనే ఉన్నాయి.

అందుకే చెబుతున్నా, ఫోన్‌లో మాట్లాడి వదిలేయకండి. లోపలి మ్యాప్ వాట్సాప్‌లో పంపమనండి, మీకిచ్చే గదికి గుర్తు పెట్టమనండి. డైనింగ్ హాల్ ఎంత దూరం, బ్యాటరీ బండి రాత్రి ఎన్నింటి దాకా తిరుగుతుంది, ఆ రోజు ఫంక్షన్ ఏమైనా ఉందా, ఇవన్నీ రాతలో తీసుకున్నాకే అడ్వాన్స్ కట్టండి. గది ఎలా ఉందన్నది ఆ తర్వాతి మాట. ముహూర్తాల రోజులైతే లాన్ వైపు గది అసలే వద్దు.

చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే అక్కడే వీడియో తీసి, బిల్లు దాచుకుని, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయొచ్చు. రిసార్ట్ ఎక్కడున్నా మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. మేము 1915కు చేశాం, ఇంకా జవాబు కోసం చూస్తున్నాం.

రిసెప్షన్ పక్కనే మెట్లు లేని మామూలు గదులు ఉన్నాయి. తెల్లారి వచ్చేటప్పుడు చూశా, రెండింటికి తాళాలే ఉన్నాయి. రాత్రి అమ్మ కోసం గది మార్చమని బతిమాలితే మాత్రం అన్నీ ఫుల్ అన్నారు.