సైబీరియా పక్షులు ఎక్కడ? చెన్నై చుట్టూ మూడు చోట్ల తిరిగొచ్చాం

మా అన్నయ్య కూతురు చెన్నైలో ఎమ్మెస్సీ చదువుతోంది, ప్రాజెక్టేమో నీటి పక్షుల మీద. దానికి బండి లేదు, మాకుంది. అంతే, డిసెంబరు చివరి నుంచి సంక్రాంతి వెళ్లేదాకా నాలుగు వారాలు నేనూ మా ఆయనా దానికి జీతం లేని డ్రైవర్లం అయిపోయాం. తిరిగిన చోట్లలో ఏది బాగుంది, ఎక్కడ డబ్బు దండగ, ఎక్కడ నిద్ర దండగ అన్నది ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. పక్షుల గురించి నాకు తెలిసింది తక్కువ. రాసినదంతా అది కారులో చెప్పిందే.

మొదట పళ్లికరణై. మేముండేది వేలచ్చేరిలో కాబట్టి పావుగంట ప్రయాణం. ఒక పక్క పెరుంగుడి చెత్తకుప్ప, ఇంకో పక్క ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) అద్దాల బిల్డింగులు, మధ్యలో బురదనేల. అందులో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రముక్కు నీటికోళ్లు, అప్పుడప్పుడు ఫ్లెమింగోలు. రోడ్డు పక్క నుంచే కనిపిస్తాయి, పైసా ఖర్చు లేదు, కానీ బండి ఆపుకోవడానికి సరైన చోటు ఉండదు, లారీలు మోచేతికి తగిలేంత దగ్గరగా పోతాయి. 2021లో తెరిచిన ఎకో పార్కులో నడకదారి బాగుంది, పిల్లలతో వెళ్తే అదే మేలు. వాసనకు మాత్రం సిద్ధపడి వెళ్లండి. ఒకప్పుడు 5,000 హెక్టార్లకు పైగా ఉండేదంట ఈ చిత్తడి, ఇప్పుడు మిగిలింది అందులో చిన్న ముక్క. 2022లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఇక్కడి నీళ్లు ఒక్కియం మడుగు మీదుగా బకింగ్‌హామ్ కాలువలోకి పోవాలి. 2015 డిసెంబరులో మా వీధిలో నడుం లోతు నీళ్లు నిలబడ్డప్పుడు నాకివేమీ తెలియవు, కార్పొరేషన్‌ని తిట్టుకుంటూ కూర్చున్నా. నీళ్లు ఉండాల్సిన చోట ఇళ్లు కట్టుకుని మనమే ఉంటున్నాం కదా అత్తా అంది అది, చాలా మామూలుగా. మా ఆయన ఇంటి లోన్ ఇంకా పదకొండేళ్లు ఉందని గుర్తు చేశారు.

రెండోది వేడంతాంగల్. చెన్నై నుంచి జీఎస్టీ రోడ్డు (గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డు) మీద చెంగల్‌పట్టు దాటి పడాళం దగ్గర లోపలికి తిరగాలి, మొత్తం 75-80 కిలోమీటర్లు. మేము చేసిన మొదటి తప్పు ఆదివారం వెళ్లడం. కట్ట మీద తిరునాళ్లలా జనం, స్పీకర్లో పాటలు పెట్టుకున్న కుర్రాళ్లు, మూడు స్కూలు బస్సులు. కౌంటరు నొక్కుతున్న మా పిల్ల మధ్యలో లెక్క పోయి మళ్లీ మొదటి నుంచీ ఎత్తుకుంది. రెండోసారి గురువారం వెళ్లాం, అది వేరే లోకం. చెరువులో నీటి కడప చెట్లు, నల్లతుమ్మలు, వాటి నిండా నత్తగుల్ల కొంగలు, తెడ్డుముక్కు కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు. కొమ్మ కనిపించదు, పక్షులే కనిపిస్తాయి. అద్దెకిచ్చే బైనాక్యులర్లు మాత్రం తీసుకోకండి, నాకిచ్చిన దాంట్లో ఒక కన్నుకి కొంగ, ఇంకో కన్నుకి పొగమంచు.

ఈ ఊరి కథ నాకు బాగా నచ్చింది. వేడన్ అంటే తమిళంలో వేటగాడు, ఊరి పేరే వేటగాడి పేరు మీద ఉంది. కంపెనీ కాలంలో తెల్ల సిపాయిలు సరదాకి పక్షుల్ని కాల్చిపారేస్తుంటే ఊరి రైతులు వెళ్లి చెంగల్‌పట్టు కలెక్టరుకు మొర పెట్టుకున్నారు. 1798లో కలెక్టరు లయొనెల్ ప్లేస్ వాళ్లకి కౌలు రాసిచ్చాడు, అంటే ఇక్కడ పక్షుల్ని ఎవరూ వేటాడకూడదని రాతపూర్వక హామీ. మన కౌలుదారులు అనే మాటలోని కౌలే ఇది, అసలు అర్థం మాట ఇవ్వడం. రైతులకు పక్షుల మీద ప్రేమ ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంది. రెట్టలు పడ్డ చెరువు నీళ్లు పొలానికి పెడితే ఎరువు వేసినట్టే. అభయారణ్యాలు, చట్టాలు, డిపార్ట్‌మెంట్లు ఏవీ పుట్టకముందే లాభం అర్థమైన వాళ్లు కాపాడుకున్నారు. ఆ చెరువు వైశాల్యం 30 హెక్టార్లు, అంతే. దగ్గర్లోనే కరిక్కిలి అని ఇంకో పక్షుల చెరువు ఉంది, ఎవరూ పోరు, ప్రశాంతంగా ఉంటుంది. బాతులు చూడాలంటే అక్కడికి వెళ్లండి.

బస గురించి చెప్పాలంటే ఒళ్లు మండుతుంది. తెల్లారేసరికి కట్ట మీద ఉండాలని ముందురోజు హైవే మీద ఒక లాడ్జీలో దిగాం, పేరెందుకులెండి. పద్దెనిమిది వందలు తీసుకుని, ఏసీ అన్నారు, చల్లగాలి వచ్చింది నిజమే కానీ అది విరిగిన కిటికీ లోంచి. దాన్నీ భరించాం. పొద్దున నాలుగున్నరకి కిందికి దిగితే షట్టరుకి తాళం, తాళం చెవి ఉన్న మనిషి ఇంటికెళ్లి పడుకున్నాడు, ఫోన్ ఎత్తడు! ఐదున్నర దాకా మెట్ల మీద కూర్చున్నాం, మా పిల్ల కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ. నా సలహా ఏమిటంటే చెన్నైలోనే పడుకుని మూడున్నరకి బయల్దేరండి, ఆ టైములో రోడ్డు ఖాళీ. ఫ్లాస్కులో కాఫీ, నాలుగు ఇడ్లీలు ఇంట్లోంచే తెచ్చుకోండి.

ఇక అసలు సంగతి, పులికాట్. ప్రళయకావేరి అని పాత పేరు, చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. తమిళనాడులోని పళవేర్కాడు వైపు నుంచి కూడా చూడొచ్చు గానీ సరస్సులో ఎక్కువ భాగం మన ఆంధ్ర వైపే. చెన్నై నుంచి సూళ్లూరుపేటకు లోకల్ రైళ్లున్నాయి, కారు కన్నా అదే సుఖం. దిగాక ఒక ఆటో రోజంతటికీ మాట్లాడుకున్నాం, పన్నెండు వందలు. తిరిగిన నాలుగు వారాల్లో డబ్బుకు తగ్గ విలువ వచ్చింది అక్కడే. ఎందుకంటే ఆ ఆటో అతనికి పక్షి పేర్లు తెలియవు కానీ నీళ్లు తెలుసు. వాన ఎప్పుడు పడింది, ఏ వైపు లోతుంది, ఏ వైపు మోకాలి దాకా ఉంది అన్నీ చెప్పాడు. "నిన్న అటకానితిప్ప అవతల ఎర్రగా ఉన్నాయమ్మా" అన్నాడు. శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది, రెండు పక్కలా నీళ్లే. వెళ్తే నిజంగానే వందల ఫ్లెమింగోలు, దూరం నుంచి గులాబీ రంగు గీత గీసినట్టు.

అప్పుడే మా పిల్ల చెప్పింది, వానలు ఎక్కువ పడ్డ ఏడాది జనం పక్షులు బాగా వస్తాయనుకుంటారు, గూడబాతుకు అది నిజమే, ఫ్లెమింగోకు కాదు అని. ఫ్లెమింగో తల తలకిందులుగా నీళ్లలో ముంచి బురదను ముక్కుతో వడకట్టుకుని తింటుంది, కాళ్లు అందని లోతైతే తిండి కష్టం, వేరే చోటు వెతుక్కుంటుంది. అందుకని ఎన్ని పక్షులు తగ్గాయి అని అడిగేముందు ఆ ఏడాది నీళ్లు ఎంత లోతు అని అడగాలట. సముద్రం కలిసే మొగలు ఇసుకతో పూడుకుపోతే ఉప్పునీళ్లు రావు, చేపా రొయ్యా తగ్గుతాయి, అప్పుడు జాలరులూ పక్షులూ ఇద్దరూ పస్తే.

లెక్కపెట్టే పద్ధతి చూస్తే మీకూ సరదా వేస్తుంది. గుంపులో ముందు పది లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు పట్టాయో కంటికి గుర్తుపెట్టుకుని, అలాంటి చోట్లు ఎన్ని పడతాయో చూస్తూ పోవాలి. తేదీ, టైము, ఎంతసేపు నిలబడ్డామన్నది రాసుకోవాలి. ఏమీ కనిపించకపోయినా సున్నా అని రాయాలి. నేను సున్నా ఎందుకే అంటే, "వచ్చే ఏడు ఒకటి కనిపిస్తే కొత్తగా వచ్చిందని ఎలా తెలుస్తుందత్తా?" అంది. 1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షుల్ని ఇలాగే లెక్కపెడుతున్నారు, తమిళనాడులో 2015 నుంచి పొంగల్ సెలవుల్లో పక్షుల లెక్క వేరే ఉంది, ఎవరైనా చేరొచ్చు. మా ఆయన ఉత్సాహంగా చేరి మొదటి రోజే కాకుల దగ్గర ఓడిపోయారు.

మర్నాడు నేలపట్టు. దొరవారిసత్రం దగ్గర, చెరువు మధ్యలో కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు, పిల్లలు అరుస్తుంటే పాత తలుపు కిర్రుమన్నట్టు వందసార్లు ఒకేసారి. టవర్ మెట్లు ఎక్కగలిగితే తప్పకుండా ఎక్కండి. తాగే నీళ్లు మీవే తెచ్చుకోండి. సూళ్లూరుపేటలో దిగిన లాడ్జి సాదాసీదాదే, తొమ్మిది వందలు, దుప్పట్లు ఉతికినవి, పొద్దున నాలుగింటికి అడగకుండానే వేడినీళ్ల బకెట్టు తలుపు దగ్గర పెట్టారు. పక్క మెస్సులో చేపల పులుసు తిన్నాక మా ఆయన ఇంకో రోజు ఉందామన్నారు.

టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన, ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయి, మనకి కానుపుకొచ్చే ఆడపడుచులు అన్నాడు. మాట ఎంత అందంగా ఉందో! మా పిల్ల మాత్రం ఊరుకోలేదు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఈ చుట్టుపక్కల దేశాలవే తాతా, నీళ్లను బట్టి ఇక్కడిక్కడే తిరుగుతాయి, ఫ్లెమింగోలు మన దేశంలో పెద్ద ఎత్తున గూళ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో, అసలు సైబీరియా కొంగ మన దేశంలో చివరిగా కనిపించింది 2002లో, భరత్‌పూర్‌లో అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పెద్దాయన మొహం చిన్నబోయింది. మరి సైబీరియా నుంచి ఏదీ రాదా అమ్మాయ్ అన్నాడు.

మా పిల్ల ఆయన్ని రోడ్డు దాటించి బురద అంచుకు తీసుకెళ్లింది. పిచ్చుకంత, మట్టి రంగు పిట్టలు గబగబా పరిగెడుతూ పొడుచుకు తింటున్నాయి, మూడు రోజులుగా నేను వాటి మీదుగా ఫ్లెమింగోల్ని చూస్తూ వచ్చాను. లిటిల్ స్టింట్ అంటారట, బరువు ముప్ఫై గ్రాములు ఉంటే ఎక్కువ, సైబీరియా ఉత్తరపు కొసన మంచునేలల్లో పిల్లల్ని చేసుకుని ఎగురుకుంటూ వచ్చేది ఇవే. పెద్దాయన బైనాక్యులర్ అడిగి తీసుకుని చాలాసేపు చూశాడు.

"దీనికా ఇంత దూరం?" అన్నాడు చివరికి. మా టీ డబ్బులు తీసుకోనివ్వలేదు.