ఎవరి సలహా మేలు? సంఘాల ప్రతినిధులదా, చీటీలో పేరొచ్చిన పౌరులదా, పది లక్షల సంతకాలదా?

2018 నవంబరులో ఫ్రాన్స్‌లో జనం పసుపు జాకెట్లు వేసుకుని రోడ్ల కూడళ్ళలో బైఠాయించారు. పెట్రోలు, డీజిల్ మీద పన్ను పెంచితే వాడకం తగ్గుతుంది, వాతావరణానికి మంచిదని పారిస్‌లో లెక్క కట్టారు. బస్సు రాని ఊళ్ళలో ఉంటూ రోజూ కారులో పనికి పోయేవాళ్ళ పరిస్థితి ఆ లెక్కలో లేదు. డిసెంబరు వచ్చేసరికి ప్రభుత్వం పెంపును వెనక్కి తీసుకుంది.

వాతావరణం కోసం ఏ నిర్ణయం తీసుకున్నా ఆ ఖర్చు ఎవరో ఒకరి ఇంటి బడ్జెట్ మీద పడుతుంది. దాన్ని మోసేవాళ్ళ మాట ముందే వినడానికి యూరప్‌లో మూడు రకాల ఏర్పాట్లున్నాయి. ఏది మేలు అని అడిగితే నేను ఒకే కొలతతో చూస్తాను. సలహా ఇచ్చాక రెండేళ్ళకు, పదేళ్ళకు "మేం చెప్పింది ఏమైంది?" అని అడగడానికి అక్కడ ఎవరు మిగిలి ఉంటారు?

మొదటిది యూరోపియన్ యూనియన్‌కు సలహా ఇచ్చే, బ్రసెల్స్‌లోని యూరోపియన్ ఆర్థిక, సామాజిక కమిటీ. 1957 నాటి రోమ్ ఒప్పందంతో పుట్టింది. ఇప్పుడు 329 మంది సభ్యులు. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీలకు 24 చొప్పున, చిన్న దేశమైన మాల్టాకు 5 సీట్లు. సభ్యులు మూడు బృందాలుగా కూర్చుంటారు. ఒకటి యజమానులది, ఒకటి కార్మిక సంఘాలది. రైతులు, వినియోగదారులు, పర్యావరణ సంఘాలు, వికలాంగుల సంఘాలు వంటివన్నీ మూడోది. పదవీకాలం ఐదేళ్ళు. జీతం ఉండదు, ప్రయాణ ఖర్చులు, రోజు భత్యం ఇస్తారు. కొన్ని విషయాల్లో చట్టం చేసే ముందు వీళ్ళ అభిప్రాయం అడిగి తీరాలని ఒప్పందంలోనే రాసుంది. అడగకపోయినా, తమకు ముఖ్యమనిపించిన దాని మీద సొంతంగా అభిప్రాయం ఇచ్చే హక్కు కూడా ఉంది.

ఆ రెండో హక్కు విలువ తెలియాలంటే 2013కి వెళ్ళాలి. కొన్న కొద్దికాలానికే పాడైపోయేలా వస్తువులు తయారు చేయడం మీద ఆ ఏడాది కమిటీ తనంతట తానే ఒక అభిప్రాయం ఇచ్చింది. వస్తువు ఎన్నాళ్ళు మన్నుతుందో కొనేవాడికి తెలియాలి, రిపేరు చేయించుకునే వీలుండాలి అని అడిగింది. అప్పటికి అది పెద్ద వార్త కాదు. కానీ వినియోగదారుల సంఘాలు, పర్యావరణ సంఘాలు దాన్ని వదల్లేదు. 2024లో రిపేరు హక్కు మీద యూరోపియన్ యూనియన్ చట్టం వచ్చింది. ఆ చట్టం ఈ ఒక్క కాగితం వల్లే వచ్చిందని నేను అనను. అయితే "పార్టులు దొరకవండీ, కొత్తది తీసుకోండి" అనే మాట మన ఊళ్ళో మిక్సీ రిపేరు షాపులో కూడా వింటూనే ఉంటాం. ఇంత మామూలు బాధను పదకొండేళ్ళ ముందే అధికారిక కాగితం మీద పెట్టారంటే అది నాకు గొప్ప విషయం. యజమానుల ప్రతినిధులు కూడా ఉన్న సభలో ఆ అభిప్రాయం ఆమోదం పొందడం ఇంకా గొప్ప.

లోపాలు కూడా చిన్నవి కావు. సభ్యుల పేర్లను ప్రభుత్వాలే పంపుతాయి. కమిటీ ఇచ్చే అభిప్రాయానికి ఎవరూ కట్టుబడక్కర్లేదు. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ఏ సంఘంలోనూ లేని మనిషికి అక్కడ కుర్చీ లేదు. ఇళ్ళలో పనిచేసే వలస మహిళ, యాప్ మీద డెలివరీ చేసే కుర్రాడు, పసుపు జాకెట్ వేసుకున్న ఆ కారు డ్రైవరు, వీళ్ళలో ఎక్కువమందికి సంఘమే లేదు.

రెండో ఏర్పాటు సరిగ్గా ఆ లోటు తీర్చడానికే వచ్చింది. పసుపు జాకెట్ల ఉద్యమం తర్వాత ఫ్రాన్స్ ప్రభుత్వం లాటరీ తీసి 150 మందిని పిలిచింది. వయసు, చదువు, వృత్తి, ఊరు అన్నీ దేశ జనాభాకు అద్దం పట్టేలా ఎంపిక చేశారు. పదహారేళ్ళ పిల్లల నుంచి రిటైరైన పెద్దల దాకా ఉన్నారు. 2019 అక్టోబరు నుంచి 2020 జూన్ వరకు విడతలుగా పారిస్‌లో కలుసుకున్నారు, నిపుణులను ప్రశ్నించారు. వాళ్ళకు అప్పగించిన పని కూడా స్పష్టంగా ఉంది: 1990తో పోలిస్తే 2030 నాటికి ఉద్గారాలు, అంటే భూమిని వేడెక్కించే వాయువుల విడుదల, కనీసం 40 శాతం తగ్గాలి, అదీ సామాజిక న్యాయం తప్పకుండా.

వాళ్ళు 149 ప్రతిపాదనలు ఇచ్చారు. ముందు రోజు వరకు వాతావరణం గురించి పెద్దగా ఆలోచించని మనుషులు, తమ సొంత అలవాట్లకు కూడా ఇబ్బంది కలిగించే సూచనలు చేశారు. హైవేల మీద వేగం గంటకు 110 కిలోమీటర్లు దాటకూడదన్నారు. నాలుగు గంటల్లోపు రైల్లో వెళ్ళగలిగే చోట్లకు దేశంలో విమానాలు ఆపేయమన్నారు. కంపెనీలు పంచే డివిడెండ్ల మీద 4 శాతం పన్ను వేయమన్నారు. ఇలాంటి ధైర్యం రాజకీయ నాయకుల్లో అరుదు, ఓట్ల టెన్షన్ వాళ్ళకుంటుంది కాబట్టి.

అధ్యక్షుడు మాక్రాన్ ప్రతిపాదనలను వడగట్టకుండా ముందుకు పంపుతానని మాటిచ్చారు. తీరా వేగ పరిమితినీ, డివిడెండ్ల పన్నునూ, రాజ్యాంగ పీఠికలో మార్పునూ పక్కన పెట్టారు. 2021 ఆగస్టులో వచ్చిన చట్టంలో విమానాల నాలుగు గంటలు కాస్తా రెండున్నర గంటలయ్యాయి. అంతకుముందే ఫిబ్రవరిలో ఆ పౌరులు ఆఖరిసారి కలిసి, తమ ప్రతిపాదనలను ప్రభుత్వం ఎంతవరకు పట్టించుకుందో మార్కులు వేశారు. సగటున పదికి 3.3 వచ్చింది. ఆ తర్వాత సభ ముగిసింది, ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళారు. నా కొలత దగ్గర ఈ పద్ధతి ఇక్కడే ఓడిపోతుంది. మాట అంత నిజాయితీగా చెప్పినవాళ్ళకు మళ్ళీ వచ్చి అడిగే కుర్చీ లేకుండా పోయింది.

మూడోది సంతకాలు. 2012 ఏప్రిల్ నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమల్లో ఉన్న పౌర ప్రతిపాదన పద్ధతి ఇది. ఏడాదిలో పది లక్షల సంతకాలు రావాలి, కనీసం ఏడు దేశాల్లో అక్కడి కనీస సంఖ్య దాటాలి. అలా వస్తే, యూనియన్‌లో చట్టాలను ప్రతిపాదించే యూరోపియన్ కమిషన్ జవాబు చెప్పి తీరాలి, చట్టం మాత్రం చేసి తీరాలని లేదు. తాగునీటి హక్కు కోసం పదహారు లక్షల పైచిలుకు మంది చేసిన సంతకాలు మంచి ఫలితమే ఇచ్చాయి. 2020లో వచ్చిన కొత్త తాగునీటి చట్టం వెనుక ఆ ఒత్తిడి ఉంది. బోనుల్లో పశువులనూ కోళ్ళనూ పెంచడం ఆపాలని దాదాపు పద్నాలుగు లక్షల మంది అడిగితే, 2023 చివరికల్లా చట్టం ప్రతిపాదిస్తామని కమిషన్ మాటిచ్చింది. గడువు దాటిపోయింది. 2024లో ఉద్యమకారులు కోర్టుకెక్కాల్సి వచ్చింది. సంతకంతో ఒక డిమాండ్ బలంగా ముందుకొస్తుంది. బొగ్గు గని మూసేస్తే అక్కడి పనివాళ్ళకు ఏ పని చూపించాలి, దానికి డబ్బెక్కడిది లాంటి చిక్కు ప్రశ్నలు మాత్రం సంతకాలతో తేలవు. వాటికి కూర్చుని వాదించుకునే చోటు కావాలి.

మూడింటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను కమిటీనే ఎంచుకుంటాను, లాటరీ పౌరులను దాని లోపలికి తీసుకురావాలన్న షరతుతో. ఇది ఊహ కాదు. ఫ్రాన్స్‌లో కూడా ఇలాంటి ఆర్థిక, సామాజిక మండలి ఉంది, ఆ 150 మంది కలుసుకున్నది దాని భవనంలోనే. 2021 జనవరిలో చేసిన చట్టంతో ఆ మండలి లాటరీ పౌరులను తన పనిలోకి పిలవవచ్చు. బెల్జియంలో జర్మన్ మాట్లాడే చిన్న ప్రాంతం ఇంకో అడుగు ముందుకేసింది. 2019 నుంచి అక్కడ 24 మంది పౌరుల మండలి శాశ్వతంగా ఉంది. సభ్యులు ఏడాదిన్నరకు మారిపోతారు, మండలి మాత్రం ఉంటుంది. లాటరీతో కూర్చే పౌర సభలకు విషయాన్ని ఎంచేదీ, వచ్చిన సిఫార్సులు ఏమయ్యాయో ఆ ప్రాంతపు పార్లమెంటును వెంటపడి అడిగేదీ అదే.

ఇప్పుడీ తొందర ఎందుకంటే, ఇళ్ళ హీటింగు, వాహనాల ఇంధనం మీద కూడా యూనియన్ మొత్తంలో కర్బన ధర, అంటే ఆ ఇంధనం వల్ల వెలువడే కర్బనానికి కట్టించే ధర, పడబోతోంది. ఆ భారం తగ్గించడానికి 2026 నుంచి 2032 వరకు సుమారు 8,670 కోట్ల యూరోల సామాజిక వాతావరణ నిధి పెట్టారు. ఆ డబ్బు ఎవరికి, ఏ రూపంలో చేరాలో తేల్చేటప్పుడు, బస్సు రాని ఊరి మనిషి ఈసారైనా ఆ గదిలో ఉండాలి.

జర్మనీలోనో, నెదర్లాండ్స్‌లోనో చదువుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ ఉన్న తెలుగువాళ్ళకు ఇందులో ఒక విషయం నేరుగా పనికొస్తుంది. పౌర ప్రతిపాదన మీద సంతకం పెట్టాలంటే యూరోపియన్ యూనియన్ పౌరసత్వం ఉండాలి. ఉద్యోగం కోసం ఇచ్చే బ్లూ కార్డు చాలదు. కార్మిక సంఘంలో చేరడానికి మాత్రం పాస్‌పోర్టు రంగు అడ్డు కాదు. బ్రసెల్స్ కమిటీలో ఒక బృందమంతా కార్మిక సంఘాలదే. అద్దెతో పాటు ఏటా పెరుగుతున్న మీ హీటింగు బిల్లు గురించి బ్రసెల్స్‌లో ఎవరైనా మాట్లాడాలంటే, మీకు అందుబాటులో ఉన్న దారి మీ ఆఫీసులోని యూనియన్ ప్రతినిధి దగ్గర మొదలవుతుంది.