కార్ల ఫోటో బూత్: నెత్తిన ఉన్న ఆ లైటు కోసమైనా కట్టుకోవచ్చు

ముందే చెప్పేస్తున్నా, మా బూత్‌లో గోడ రంగు, నేల, ట్రైపాడ్, ఫోన్ అన్నీ ఎవరైనా పట్టుకెళ్లినా మళ్లీ చూసుకుంటాను గానీ, పైన వేలాడే ఆ లైటు పెట్టె మీద చెయ్యి వేస్తే మాత్రం ఊరుకోను. విజయవాడలో మాది సెకండ్ హ్యాండ్ కార్ల యార్డు. వెనకాల రేకుల షెడ్డు ఖాళీగా పడి ఉంటే, ఎండావానలతో పని లేకుండా స్టాక్ ఫోటోలు తీసుకోవచ్చని బూత్ చేయించాం, ఏడాది దాటింది. బయట తీస్తే ఏమవుతుందో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎదుటి షాపు బోర్డు, కరెంటు స్తంభం, ఫోటో తీసేవాడి పొట్ట, అన్నీ డోర్ల మీద పడతాయి.

పెట్టె అంటే పెద్ద విద్యేం కాదు. 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున ఇనుప ఫ్రేము, అందులో వరసగా ఎల్‌ఈడీ ట్యూబులు, అడుగున షాపుల బోర్డులకు వాడే బ్యాక్‌లిట్ ఫ్లెక్స్ లాగి కట్టడం, అంతే. వెడల్పు 10 అడుగుల దగ్గరే ఎందుకు ఆగామంటే ఫ్లెక్స్ రోల్ అంతవరకు అతుకు లేకుండా దొరుకుతుంది. అతుకు ఉంటే అది బోనెట్ మీద, టాప్ మీద గీతలా తేలుతుంది, ప్రతి ఫోటోలోనూ దాన్ని చెరుపుతూ కూర్చునే ఓపిక ఎవరికుంది? ఇంకోటి, ట్యూబుకీ ట్యూబుకీ మధ్య ఎంత ఎడం ఉందో, ట్యూబులకీ ఫ్లెక్స్‌కీ మధ్య కనీసం అంత ఉండాలి, లేకపోతే బోనెట్ నిండా చారలే. మా వెల్డరు ఫ్రేము లోతు తగ్గిస్తే ఇనుము మిగులుతుందని చాలా వాదించాడు, నేను ఒప్పుకోలేదు, అందుకు ఇప్పటికీ నన్ను నేనే మెచ్చుకుంటుంటాను.

ఫోటోలు బాగా వస్తాయి, ఆ సంగతి తెలిసే కట్టించాం. ఊహించనిది ఏంటంటే, ఈ లైటు కింద బండికి అబద్ధం ఆడడం కుదరదు.

గుంటూరు వైపు నుంచి ఓ బ్రోకరు గ్రే కలర్ సెడాన్ ఒకటి తెచ్చాడు. సింగిల్ ఓనర్, సర్వీస్ హిస్టరీ ఉంది, ఒక్క గీత లేదు, యాక్సిడెంట్ మాటే లేదన్నాడు. ఎండలో చుట్టూ తిరిగి చూశాం, నిజంగానే మెరిసిపోతోంది. బేరం దాదాపు కుదిరింది, అడ్వాన్స్ ఇవ్వబోయే ముందు మా కుర్రాడు ఫోటోలు ఇప్పుడే తీసేస్తే సాయంత్రానికల్లా యాడ్ పెట్టేయొచ్చని బండిని లోపలికి తోలాడు. షట్టర్ దించి పైలైటు వేశాం. లైటు పెట్టె అంచు బండి పక్క భాగం మీద ఒక తెల్ల గీతలా పడుతుంది, హెడ్‌లైట్ దగ్గర మొదలై డోర్ హ్యాండిళ్ల పైనుంచి టెయిల్ లైట్ దాకా. ముందు డోర్ మీద ఆ గీత స్కేలు పెట్టి కొట్టినట్టు ఉంది. వెనక డోర్ సగానికి వచ్చేసరికి సన్నగా వణికింది. క్వార్టర్ ప్యానెల్, అంటే వెనక చక్రం పైనుండే భాగం మీదకి వెళ్లాక అంచు మసకబారి, పెయింటు మీద నారింజ తొక్క మీదున్నట్టు చిన్న చిన్న గుంతలు బయటపడ్డాయి. బ్రోకరు నా వెనకే నిలబడి ఉన్నాడు, నేనేమీ అడగకముందే "ఏదో చిన్న టచప్ అన్నా, సిటీలో తిరిగే బండి కదా" అన్నాడు.

పెయింట్ మందం చూసే మీటరు తీసి పెడితే ముందు డోర్ మీద 120 మైక్రాన్లు చూపించింది. కంపెనీ పెయింటు మామూలుగా 100 నుంచి 150 మధ్య ఉంటుంది కాబట్టి అక్కడ బాగానే ఉంది. క్వార్టర్ మీద 600 దాటింది, అంటే లోపల పుట్టీ ఉంది. డిక్కీలో మ్యాట్ ఎత్తి స్టెప్నీ గుంత చూస్తే అతుకుల దగ్గర సీలెంట్ చేత్తో పూసినట్టు ఎగుడుదిగుడుగా కనిపించింది. వెనక నుంచి గట్టిగానే గుద్దించుకున్న బండి అది. కొనలేదు. ఆ మీటరు మా దగ్గర ముందు నుంచీ ఉంది, కానీ ఎక్కడ పెట్టి చూడాలో తెలియాలిగా! బండంతా అంగుళం అంగుళం మీటరుతో తడుముతూ కూర్చుంటే బ్రోకరు టీ తాగొస్తానని వెళ్లిపోతాడు.

ఇందులో మాయ లేదు. పెయింటు అద్దమే, ఎండలో ఆ అద్దంలో కనిపించేది సూర్యుడి చుక్క ఒక్కటి, మిగతా అంతా ఆకాశం, అందులో ఒంపు ఉన్నా తెలియదు. తిన్నగా ఉన్న పొడవాటి అంచు పడితే చిన్న సొట్ట దగ్గర కూడా గీత వంగుతుంది. పెయింట్ పోకుండా సొట్టలు తీసేవాళ్లు గీతల లైట్లు పెట్టుకు పనిచేసేది ఇందుకే, కార్ల ఫ్యాక్టరీల్లో చివరి తనిఖీ కూడా లైట్ల సొరంగాల్లోనే చేస్తారు. ఇప్పుడు మా దగ్గర కొనే ప్రతి బండీ ముందు లోపలికి వెళ్లాల్సిందే, బూత్ కట్టింది అమ్మకానికైతే ఎక్కువ పనికొస్తోంది కొనుగోలుకి.

అలాగని దీన్ని గుడ్డిగా నమ్మకండి. మే నెలలో రేకుల కింద వేడికి ఫ్లెక్స్ సాగింది, ఆ ముడతలన్నీ బోనెట్‌లో అలల్లా కనపడ్డాయి, ఏది సొట్టో ఏది ముడతో తెలియక టెన్షన్. చివరికి తేలిగ్గా తెలుసుకునే దారి ఒకటి దొరికింది. బండిని ఒక అడుగు ముందుకు తోయండి, వంకర బండితో పాటే కదిలితే సొట్ట, పైన ముడత ఉన్నచోటే ఆగిపోతే ఫ్లెక్స్. ఇప్పుడు తాళ్ల బదులు స్ప్రింగులు పెట్టాం, ముడతలు బాగా తగ్గాయి గానీ ఎండాకాలంలో పూర్తిగా పోలేదు. వానాకాలం పురుగులు లోపలికి దూరి చస్తాయి, ఫ్లెక్స్ మీద నల్ల చుక్కలు, ఫ్రేము దించి దులపడం నలుగురి పని.

ఫోటోల విషయంలోనూ నిజం చెప్పాలి. ఇంత శుభ్రంగా తీస్తే బండి మీది చిన్న గీతలు కూడా ఫోటోలో కనిపిస్తాయి, కొనేవాళ్లు ఫోన్ చేయగానే రేటు అడక్కుండా "ఎడమ డోర్ మీద అదేంటండీ" అంటున్నారు. మాకు ఇదే నయం, ఏలూరు నుంచో బందరు నుంచో వచ్చినవాళ్లు బండి చూసి మొహం మాడ్చుకోవడం తగ్గింది. మీ దగ్గర పాత బండ్లు ఎక్కువైతే మాత్రం ఆలోచించుకోండి. తెల్ల బండ్లు ఇంకో తలనొప్పి, మన దగ్గర సగం స్టాక్ అవే, తెల్ల గోడ ముందు అంచులు కలిసిపోతాయి. గోడకి లేత బూడిద రంగు వేసి, ఫోటోలో పడకుండా రెండు పక్కలా నల్లగుడ్డ నిలబెడితే డోర్ల అంచులు తేలతాయి. తీసేవాడు కూడా నలుపు వేసుకోవాలి. మా కుర్రాడు అయ్యప్ప మాల వేసుకున్న రోజుల్లో వచ్చినంత మంచి ఫోటోలు మళ్లీ రాలేదు, ఇప్పుడు రోజూ చొక్కా గురించి గొడవే.

చౌక ట్యూబులు కొంటే మన 50 హెర్ట్జ్ కరెంటుకి సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, ఫోన్‌లో చారలొస్తాయి, ప్రో మోడ్‌లో షట్టర్ స్పీడు 1/100 లేదా 1/50 పెట్టుకోండి. ఫోన్‌లో 1ఎక్స్ జూమ్‌తో దగ్గర నుంచి తీస్తే ముందు బంపర్ ఉబ్బిపోతుంది, 2ఎక్స్ పెట్టి పాతిక అడుగులు వెనక్కి వెళ్లాలి, అందుకే షెడ్డు పొడవు 40 అడుగులైనా ఉండాలి. షెడ్డు షట్టర్ మూశాక ఇంజిన్ నడపొద్దు, పొగ ప్రమాదం. డ్యాష్‌బోర్డులో కిలోమీటర్ల రీడింగ్ ఫోటోకి ఇగ్నిషన్ ఆన్ చేస్తే చాలు, ఇంజిన్ నడుస్తూ వార్నింగ్ లైట్లు ఆరిన ఫోటో కావాలంటే బయటికి తెచ్చాక తీస్తాం.

బండిని నిలబెట్టి గుండ్రంగా తిప్పే టర్న్‌టేబుల్ పెట్టించుకోమని చాలామంది చెప్పారు. ఓ షోరూంలో చూసినప్పుడు నేనూ అదే గొప్ప అనుకున్నాను, ఇప్పుడైతే ఆ లక్షలు పెట్టి ఇంకో రెండు బండ్లు కొనుక్కుంటా. రోజుకి పదుల బండ్లు తీసేవాళ్ల లెక్క వేరు. మాకు షెడ్డు సొంతం, వెల్డరు తెలిసినవాడు, కాబట్టి పెట్టె ఖర్చు యాభై వేలు దాటలేదు. షెడ్డు అద్దెకి తీసుకోవాలంటే, యార్డులో ఎప్పుడూ ఐదారు బండ్లే ఉంటాయంటే, నేనైతే వద్దనే అంటాను. రేకుల ఎత్తు 12 అడుగులు లేకపోయినా అంతే, పెట్టె కిందకి దిగి ఇన్నోవా డిక్కీ ఎత్తితే తగులుతుంది.