ఎస్‌ఎమ్‌ఎఫ్ డేటాను డేటాబేస్‌లోకి ఎక్కించే ఆ టూల్ కొనబోతున్నారా? ఆగండి

మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) కెపాసిటీ, చార్జ్‌బ్యాక్ (ఎవరు ఎంత వాడారో లెక్కగట్టి బిల్లు వేయడం) పనిలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఎస్‌ఎమ్‌ఎఫ్ రికార్డులను (ఏ జాబు ఎంత సీపీయూ వాడిందో లాంటివి మెయిన్‌ఫ్రేమ్ తనే రాసుకునే లాగ్) పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ టేబుళ్లలోకి ఎక్కించి, పైన డాష్‌బోర్డు కూడా పెట్టిస్తామని హైదరాబాద్‌లో ఆఫీసులన్నీ తిరుగుతున్న ఆ కంపెనీ ఏదో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. మా దగ్గర ఏడాది లైసెన్సు డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు. డెమో చక్కగానే నడిచింది, అది వాళ్లు తయారు చేసుకున్న డేటా.

మా డేటా ఎక్కాక మొదటి చార్జ్‌బ్యాక్ రిపోర్టు చూసి క్లయింట్ ఫోన్ చేశాడు. రాత్రి బ్యాచ్ సీపీయూ టైమ్ దాదాపు మూడింతలు! జాబులు అవే, వాల్యూమ్ అదే. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక్క జాబు పట్టుకుని లెక్క తీస్తే విషయం బయటపడింది. జాబుల లెక్కలుండే ఎస్‌ఎమ్‌ఎఫ్ టైప్ 30లో, విడతలవారీగా రాసే ఇంటర్వల్ రికార్డులు సబ్‌టైప్ 2, 3. స్టెప్ (జాబులో ఒక్కో భాగం) ముగిస్తే 4, జాబు ముగిస్తే 5. రెండూ మూడూ కలిపితే వచ్చే సీపీయూనే నాలుగులో మళ్లీ ఉంటుంది. స్టెప్పులన్నిటి మొత్తం అయిదులో ఇంకోసారి ఉంటుంది. వీటిలో ఏదో ఒక వరసే కూడాలి. వీళ్లు అన్నిటినీ ఒకే టేబుల్‌లో పోసి కూడేశారు. పోనీ మేమే ఎస్‌క్యూఎల్‌లో వేరు చేసుకుందామంటే టేబుల్‌లో సబ్‌టైప్ కాలమే లేదు. ఎక్కించేటప్పుడే వదిలేశారు.

ఇది చూపించడానికి ఆ కంపెనీవాళ్లతో కాల్ పెట్టాం, క్లయింట్ మేనేజర్ కూడా ఉన్నాడు. ఆ అమ్మాయి స్క్రీన్ షేర్ చేసి వరసగా వివరిస్తోంది. వాళ్ల సేల్స్ మేనేజర్ మధ్యలోనే ఆపి, "మేడమ్, మీకు మెయిన్‌ఫ్రేమ్ అనుభవం ఎంత?" అన్నాడు. ఆమె చెప్పింది తప్పని ఒక్క ముక్క నిరూపించలేదు. "మీ డేటాలోనే డూప్లికేట్లు ఉన్నాయి. కాలమ్ కావాలంటే చేంజ్ రిక్వెస్ట్ పెట్టండి, రీలోడ్‌కు చార్జ్ వేరే" అని కాల్ కట్ చేశాడు. డబ్బు పోయినదానికంటే ఆ ప్రశ్నే నాకు ఎక్కువ మండించింది. కరెక్టుగా పట్టుకున్న మనిషిని క్లయింట్ ముందు అలా అంటారా? పైగా ఆ అంకెలు చూసే క్లయింట్ కొత్త కెపాసిటీ కొనాలా వద్దా అని నిర్ణయిస్తాడు. తప్పుడు లెక్క మీద కోట్లు ఖర్చు పెట్టించేవాళ్లు.

లోడ్ అయ్యాక ఎస్‌ఎమ్‌ఎఫ్ డంపులు (అసలు రికార్డులున్న ఫైళ్లు) తీసేయొచ్చని కూడా సలహా ఇచ్చారు. మేం తీయలేదు కాబట్టి ఇవాళ మళ్లీ మొదలుపెట్టగలుగుతున్నాం. మీరూ తీయకండి.

కొనేముందు రెండు మూడు స్టెప్పులున్న మీ సొంత జాబు ఒకటి ఇచ్చి, దాని సీపీయూను సబ్‌టైప్ 5తో పోల్చి చూడండి. ఫైల్ ఎఫ్‌టీపీలో బైనరీగా, ఆర్‌డీడబ్ల్యూతో (ప్రతి రికార్డు ముందు దాని పొడవు చెప్పే భాగం) వెళ్తోందో లేదో అడగండి. ఆస్కీ టెక్స్ట్‌లోకి మారిస్తే ప్యాక్డ్ (అంకెలను కుదించి రాసిన) డేట్లన్నీ పాడవుతాయి. రీలోడ్ ఖర్చు ఎవరిదో అగ్రిమెంట్‌లో రాయించుకోండి. త్వరలో వాళ్ల డెమో ఉన్నవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, మేం వాడిన టెస్టు జాబు జేసీఎల్ (జాబు నడిపే స్క్రిప్టు), లెక్క చూసే క్వెరీ రెండూ పంపిస్తాను.